కృష్ణపట్నం తీర ప్రాంత పండ్లతోటల్లో పరాగసంపర్కం: బంబుల్ తేనెటీగల ఉపయోగం, స్థానిక కీటకాల పాత్ర

పూత విరగబూసినా పిందె నిలవకపోవడం పండ్లతోటల రైతులను తరచుగా కలవరపెట్టే సమస్య. దీనికి నీటి ఎద్దడి, సూక్ష్మపోషకాల లోపం, తెగుళ్లు, హార్మోనుల అసమతుల్యత వంటి కారణాలను వెదకడం పరిపాటి. పూవు నుంచి పూవుకు పుప్పొడి సక్రమంగా చేరుతున్నదా లేదా అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా చివరికి వస్తుంది. కొన్నిచోట్ల అసలే రాదు. విదేశాలలో బంబుల్ తేనెటీగలను పెట్టెలలో పెంచి పండ్లతోటలకు, హరితగృహాలకు సరఫరా చేస్తున్నారన్న సమాచారం వ్యాపించిన తరువాత ఈ ప్రశ్నకు కొంత ప్రాధాన్యం లభించింది. ఆ పెట్టెలు నెల్లూరు తీరానికి ఉపకరిస్తాయా, లేక వాటి పని చేయగల జీవులు ఇక్కడే ఉన్నాయా అన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కృష్ణపట్నం నెల్లూరు పట్టణానికి ఆగ్నేయంగా, కండలేరు సముద్రంలో కలిసే చోట ఉన్నది. సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. 2008లో ఆధునిక ఓడరేవు పనిచేయడం ప్రారంభించిన తరువాత ఈ ప్రాంతపు భూవినియోగం వేగంగా మారింది. ఓడరేవు, విద్యుత్ కేంద్రాలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోపులు విస్తరించగా, వాటి నడుమ ఇసుక నేలల్లో మామిడి, జీడిమామిడి, కొబ్బరి, జామ తోటలు మిగిలి ఉన్నాయి. తీరం విడిచి పడమరకు వెళ్లినకొద్దీ నేల ఎర్రబడుతుంది. గూడూరు, సైదాపురం, పొదలకూరు, రాపూరు, వెంకటగిరి ప్రాంతాల నిమ్మతోటలు మొదలవుతాయి. నిమ్మసాగుకు పూర్వపు నెల్లూరు జిల్లా రాష్ట్రంలోనే పేరుపొందినది. వెంకటగిరి సమీపంలోని పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం ఏర్పడటానికి కారణం కూడా అదే. ఈ రెండు మండలాల నేల వేరు, పూతకాలం వేరు, పూలపై వాలే కీటకాలు కూడా కొంతవరకు వేరు. కనుక ‘పరాగసంపర్కానికి ఒక పెట్టె’ అన్న ఒకే మందు రెండింటికీ సరిపడదు.

బంబుల్ తేనెటీగ స్వభావం

బంబుల్ తేనెటీగలు బాంబస్ ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో వీటి జాతులు సుమారు 260 వరకు ఉన్నాయి. భారతదేశంలో నలభైకి పైగా జాతులు నమోదైనా, అవి హిమాలయ, ఈశాన్య పర్వత ప్రాంతాలకే పరిమితం. దక్షిణ ద్వీపకల్పంలో ఇవి సహజంగా నివసించవు. దట్టమైన నూగుతో కప్పబడిన బరువైన శరీరం, రెక్కల కండరాలను కంపింపజేసి ఒంటిని వేడెక్కించుకొనే శక్తి వీటికి ఉన్నాయి. అందువలన 10 డిగ్రీల సెల్సియస్ చలిలోనూ, మబ్బు పట్టిన వేళలలోనూ, సన్నని జల్లులోనూ ఇవి పూలను సందర్శించగలవు. సాధారణ తేనెటీగ గూడు విడిచి బయటికి రాని వాతావరణంలో పనిచేయడమే ఈ కీటకపు ప్రత్యేకత. శీతల దేశాల ఆపిల్, చెర్రీ తోటల్లో పూతకాలం చలిలోనే వస్తుంది కనుక ఈ గుణానికి అక్కడ విలువ ఎక్కువ.

మరొక గుణం కంపన పరాగసంపర్కం. టమాట, వంగ వంటి మొక్కల పుప్పొడి తిత్తులు పొడవునా పగలవు. కొనలోని సన్నని రంధ్రం గుండా మాత్రమే పుప్పొడి రాలుతుంది. బంబుల్ తేనెటీగ పూవును కాళ్లతో పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి ఉప్పుజల్లెడ నుంచి రాలినట్లు రాలి దాని పొట్టపై పడుతుంది. సాధారణ తేనెటీగలకు ఈ విద్య లేదు. బెల్జియం దేశపు పశువైద్యుడు రోలాండ్ డి యోంగె 1980ల మధ్యలో హరితగృహపు టమాటలపై ఈ ప్రయోజనాన్ని గుర్తించి, 1987లో బయోబెస్ట్ సంస్థను స్థాపించారు. అంతకుముందు హరితగృహాల్లో కూలీలు విద్యుత్ కంపన పరికరాలతో ఒక్కొక్క పూగుత్తిని అదిలించేవారు. నేటి బంబుల్ పెట్టెల వ్యాపారానికి మూలం పండ్లతోట కాదు, టమాట హరితగృహం. ఈ సంగతి తెలిస్తే, ఆ పెట్టెను ఆరుబయటి తోటలో దింపినప్పుడు ఏమి ఆశించవచ్చునో అంచనా వేయడం సులభమవుతుంది.

మనదేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ సమీపాన నౌణిలో గల డాక్టర్ వై.ఎస్. పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం స్థానిక జాతియైన బాంబస్ హీమరాయిడాలిస్‌ను బంధించి పెంచడంపై పరిశోధనలు చేసింది. శిశిరం తరువాత బయటికి వచ్చే రాణి ఈగలను పట్టి, పెట్టెలలో గూడు కట్టించి, వచ్చిన కూలి ఈగలను పంటలపై ఉపయోగించడం ఆ కృషి సారాంశం. ఆ కొండలకు అది సహజమైన మార్గం. అక్కడి జాతి, అక్కడి చలి, అక్కడి పంట మూడూ ఒకచోటివే.

తీరానికి ఇవి ఎందుకు సరిపడవు

బంబుల్ తేనెటీగ చలిని జయించగలదు గాని వేడిని జయించలేదు. గూటిలో పిల్లపురుగుల అరలు 30–32 డిగ్రీల వద్ద ఉండాలి. వేడి అంతకు మించితే కూలి ఈగలు పూలను విడిచి గూటి ద్వారం వద్ద రెక్కలతో విసరడానికి నిలిచిపోతాయి. సాధారణ తేనెటీగలు నీటిని తెచ్చి తుట్టెపై పలుచగా పరచి, రెక్కల గాలితో ఆవిరి చేసి గూటిని చల్లబరచుకోగలవు. బంబుల్ తేనెటీగలకు ఆ అలవాటు లేదు. నెల్లూరు తీరంలో మామిడి పూతకాలమైన జనవరిలోనే పగటి వేడి 30 డిగ్రీలను సమీపిస్తుంది. మే మాసంలో 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఇక చలి విషయానికి వస్తే, జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ 20 డిగ్రీల సమీపంలోనే ఉంటుంది. స్థానిక తేనెటీగలకు ఆ వేడి చాలు. ఏ గుణం కోసం బంబుల్ పెట్టెకు ధర చెల్లిస్తారో ఆ గుణానికి ఇక్కడ పనిలేదు.

ఒక్క సందర్భాన్ని మాత్రం న్యాయంగా మినహాయించాలి. నిమ్మలో హస్త బహార్ పూత ఈశాన్య రుతుపవనాల ముంగిట వస్తుంది. మబ్బు, జల్లు కలిసిన ఆ రోజుల్లో ఎగరగల కీటకం ఉంటే మేలే. అయితే ఆ మూడు నాలుగు వారాల కోసం, ఏడాదికి ఒకసారి ముగిసిపోయే గూడును మళ్లీమళ్లీ కొనవలసి వస్తుంది. బంబుల్ గూడు వార్షికం. కొన్ని వందల ఈగలతో ఉచ్ఛదశకు చేరి, కొత్త రాణులను కని అంతరిస్తుంది. దానిని చీల్చి రెండు పెట్టెలు చేసుకోవడం రైతుకు సాధ్యం కాదు.

ఖర్చు కన్నా పెద్ద అభ్యంతరం వేరొకటి ఉన్నది. చిలీ దేశం 1990ల చివర ఐరోపా జాతియైన బాంబస్ టెరెస్ట్రిస్‌ను పంటల కోసం దిగుమతి చేసుకున్నది. అది తోటలు దాటి అడవులకు చేరి, 2006 నాటికి ఆండీస్ పర్వతాల మీదుగా అర్జెంటీనాలో ప్రవేశించింది. అది విస్తరించిన చోట్ల పటగోనియా ప్రాంతపు స్థానిక జాతి బాంబస్ డాల్బోమై వేగంగా తగ్గిపోయింది. ప్రపంచంలోని బంబుల్ తేనెటీగలన్నింటిలో అతిపెద్దదిగా పేరుపొందిన ఆ జాతి నేడు ప్రమాదపు అంచున ఉన్నది. ఆహారపు పోటీతో పాటు దిగుమతి ఈగలు మోసుకువచ్చిన పరాన్నజీవులు కూడా దీనికి కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. జపాన్ సైతం హరితగృహాల నుంచి తప్పించుకున్న ఇదే జాతిని 2006లో హానికర విదేశీ జీవిగా ప్రకటించి, దాని పెంపకంపై ఆంక్షలు విధించింది. న్యూజిలాండ్‌లో 1885లో ఎర్ర క్లోవర్ విత్తనోత్పత్తికై ఇంగ్లాండు నుంచి తెచ్చిన బంబుల్ తేనెటీగలు ప్రయోజనం కలిగించిన మాట నిజమే. కాని అప్పటికి ఆ దేశంలో పొడవైన నాలుక గల తేనెటీగ లేదు. ఆంధ్రతీరం అటువంటి ఖాళీ స్థలం కాదు. మనదేశంలో సజీవ కీటకాల దిగుమతి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు లోబడి ఉన్నది. అనుమతి లేకుండా తెచ్చిన పెట్టె చట్టరీత్యా నేరానికి దారితీస్తుంది.

తుమ్మెద అనగా ఏది

తెలుగు రచనల్లో బంబుల్ తేనెటీగను తుమ్మెద అని అనువదించడం కనిపిస్తుంది. ఇది చిన్న పొరపాటువలె తోచినా, తోటలో దాని ఫలితం చిన్నది కాదు. తెలుగునాట పల్లెల్లో తుమ్మెదగా గుర్తించే నల్లని, నీలిమెరుపు రెక్కల పెద్ద కీటకం జైలోకోపా ప్రజాతికి చెందిన వడ్రంగి తేనెటీగ. అది ఎండిన కొయ్యలో, వెదురులో, తాటి దూలాలలో గుండ్రని రంధ్రం తొలిచి ఒంటరిగా గూడు కట్టుకొంటుంది. వేడిని బాగా తట్టుకొంటుంది. కంపన పరాగసంపర్కం దీనికీ తెలుసు. వంగ పూలపై ఉదయం వేళ దీని జుమ్మనే ధ్వని వినవచ్చు. బంబుల్ తేనెటీగ టమాట పూవుకు చేసే పనిని తీరప్రాంతపు వంగతోటలో అడగకుండానే, అద్దె లేకుండానే చేసిపెడుతున్నది ఈ తుమ్మెదే. నీలిచారల అమెగిల్లా తేనెటీగలు కూడా ఈ పనిలో పాలుపంచుకొంటాయి.

మునగపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.వి. జ్యోతి, జె.బి. అట్లూరి, సి. సుబ్బారెడ్డి 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో గమనార్హం. మునగ పూవు నిర్మాణానికి తగిన పరాగసంపర్కకారులలో తుమ్మెదలకు ముఖ్యస్థానం ఉన్నదని అది తెలిపింది. పూవు చిన్నదైనా, బరువైన కీటకం వాలినప్పుడే కేసరాలు, కీలాగ్రం దాని వీపుకు తగులుతాయి. తోటగట్టున మునగ వేసిన రైతు ఇంటి వసారా దూలంలోని తుమ్మెద రంధ్రానికి కిరోసిన్ పోయడం అందువలన తన కాయను తానే తగ్గించుకోవడమవుతుంది. దూలం చెడుతుందన్న భయం నిజమే. దానికి ఉపాయం పొయ్యక్కరలేని ఎండుకొయ్యలు, ఒకవైపు కణుపు మూసి ఉన్న వెదురు ముక్కలు తోటగట్టున పందిరి కింద కట్టి, వాన తగలకుండా ఉంచడం. తుమ్మెద అటు మరలుతుంది. మగ తుమ్మెదకు కొండి లేదు. ఆడది చేతితో పట్టుకొంటే తప్ప కుట్టదు.

అయితే తుమ్మెదను అన్ని పంటలకూ సర్వరోగనివారిణిగా చెప్పడం తగదు. మామిడి, జీడిమామిడి పూలు అతి చిన్నవి, మకరందం స్వల్పం. అంత పెద్ద కీటకానికి ఆ శ్రమ గిట్టుబాటు కాదు. వాటి పని చిన్నవాటిదే.

మామిడి, జీడిమామిడి

మామిడి పూగుత్తిలో వెయ్యి నుంచి ఆరువేల వరకు పూలుంటాయి. వీటిలో ఎక్కువభాగం మగపూలు. కాయ కాగలిగినవి ద్విలింగ పుష్పాలు మాత్రమే. వాటి నిష్పత్తి రకాన్ని, చెట్టును, గుత్తిని బట్టి మారుతుంది. మొత్తం పూలలో పండుదాకా నిలిచేవి ఒక శాతానికి లోపే. కనుక పూతతో పోల్చి కాత తక్కువైనదని విచారించడం మామిడిలో అర్థం లేని పని. విచారించవలసినది ద్విలింగ పుష్పాలకు పుప్పొడి చేరిందా అన్నదే. దసేరీ, లంగ్రా, చౌసా వంటి ఉత్తరాది రకాలు తమ పుప్పొడితో తాము ఫలించవు. వాటి నడుమ వేరొక రకం చెట్లు ఉండితీరాలి. మన ప్రాంతంలోనూ ఒకే రకంతో నిండిన పెద్దతోటకన్నా రెండు మూడు రకాలు కలిసిన తోటలో కీటకాల పనికి ఫలితం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది.

మామిడి పూలపై తేనెటీగలకన్నా ఈగలే ఎక్కువగా వాలడం తోటకు వెళ్లినవారందరూ చూచేదే. వీటిలో ఆకుపచ్చగా, నీలంగా మెరిసే పెద్ద ఈగ క్రైసోమియా మెగాసెఫాలా ఒకటి. ఎండుచేపలను పాడుచేసే ఈగగా తీరగ్రామాల మత్స్యకారులకు ఇది శత్రువు. ఆ ఈగే కొద్ది దూరంలోని మామిడితోటకు మిత్రుడు! తైవాన్‌లో కొందరు మామిడి రైతులు పూతకాలంలో చేపల వ్యర్థాలను తోటలో ఉంచి ఈ ఈగలను కావాలని పెంచుతారు. ఆస్ట్రేలియాలోనూ కుళ్లిన మాంసంతో ఈగలను రప్పించే పద్ధతి ఉన్నది. కృష్ణపట్నం వంటి చోట చేపల వ్యర్థాలకు కొదవలేదు. అయినా ఈ పద్ధతిని ఇళ్లకు, పశువులకు, తాగునీటి బావులకు దగ్గరగా ఉన్న తోటల్లో ఎంతమాత్రం అనుసరించరాదు. కాయకోసం కలరా తెచ్చుకోవడం వ్యవసాయం కాదు. పూలఈగలుగా పిలువదగిన సిర్ఫిడ్ ఈగలు అంతకన్నా శుభ్రమైన సహాయకులు. వీటి పిల్లపురుగులు పేనుబంకను తిని జీవిస్తాయి. తోటగట్టున కొత్తిమీర, సోపు వంటి గొడుగు పూగుత్తుల మొక్కలను పూతకు వదిలితే ఇవి తోటలో నిలుస్తాయి.

జీడిమామిడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి కొట్టుకుపోదు. గుత్తులపై బారులు తీరే చీమలు మకరందాన్ని దోచుకొంటాయి తప్ప పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు చేర్చవు. చిన్న తేనెటీగలు, కుట్టని తేనెటీగలు, నేలలో బొరియలు చేసే ఒంటరి తేనెటీగలు ఇక్కడ పనివారు. తీరపు వదులు ఇసుక ఈ నేల తేనెటీగలకు అనువైనది. చెట్ల కింద నేలనంతా పదేపదే రోటావేటరుతో తిరగవేయడం వల్ల వాటి బొరియలు నాశనమవుతాయి. ప్రతి తోటలో ఒక పక్కగా నాలుగైదు సెంట్ల నేలను దున్నకుండా వదలడం ఖర్చులేని సహాయం.

నిమ్మ: వానముంగిట పూత

పరాగసంపర్కం విషయంలో ఈ ప్రాంత రైతుకు నిజమైన నష్టభయం నిమ్మలోనే ఉన్నది. నిమ్మ ఏడాదిలో మూడుసార్లు పూస్తుంది: జనవరి–ఫిబ్రవరిలో అంబే బహార్, జూన్–జూలైలో మృగ్ బహార్, సెప్టెంబరు–అక్టోబరులో హస్త బహార్. పూత నుంచి కోతకు అయిదారు నెలలు పడుతుంది. కనుక ధర గరిష్ఠంగా పలికే ఏప్రిల్, మే మాసాలకు కాయ అందాలంటే హస్త బహార్ నిలవాలి. ఇందుకై జూన్‌లో 50 పి.పి.ఎం. జిబ్బరెల్లిక్ ఆమ్లం, సెప్టెంబరులో 1000 పి.పి.ఎం. సైకోసెల్, అక్టోబరులో 1 శాతం పొటాషియం నైట్రేట్ పిచికారీ చేసే విధానం నిమ్మ పరిశోధన ఫలితంగా అమలులోకి వచ్చింది. ఇంత శ్రమించి తెచ్చిన పూత సరిగ్గా ఈశాన్య రుతుపవనాల ఎదుట నిలబడుతుంది. జిల్లా వార్షిక వర్షపాతంలో సగానికి పైగా కురిసేది ఆ మాసాల్లోనే.

వాన పూతను రెండు విధాల దెబ్బతీస్తుంది. తడిసిన పుప్పొడి తిత్తులు పగలవు; పగిలిన పుప్పొడి రేణువులు నీటిని పీల్చుకొని చిట్లిపోతాయి. అదే సమయంలో మకరందం పలుచబడి కీటకాలకు ఆకర్షణ తగ్గుతుంది, కీటకాలు సైతం గూడు విడవవు. మన కాగ్జి నిమ్మ తన పుప్పొడితో తాను ఫలించగలదు. ఆ విషయంలో మామిడికన్నా మెరుగు. అయినా పుప్పొడి జిగటగా ఉండటంచేత దానిని కీలాగ్రానికి అంటించే కీటకం ఉంటే పిందె పట్టడం మెరుగవుతుంది. విత్తనాలు లేని తాహితి రకానికి పరాగసంపర్కం అవసరం లేదు. ఈ భేదాన్ని గుర్తించక రెండింటికీ ఒకే సలహా ఇవ్వడం తప్పు.

రెండు వానల నడుమ దొరికే ఒకటి రెండు గంటల ఎండలో తోటలో ఎన్ని తేనెటీగలు ఉన్నాయన్నదే ఇక్కడ కీలకం. దూరపు గూడు నుంచి రావలసిన కొండ తేనెటీగకు ఆ వ్యవధి చాలకపోవచ్చు. చెట్టు పక్కనే ఉన్న పెట్టెలోని పుట్ట తేనెటీగకు చాలుతుంది. ఈ కారణంగానే మిగిలిన పంటలకన్నా నిమ్మలో పెట్టెల ఏర్పాటుకు ఎక్కువ అర్థం ఉన్నది.

ఏ పెట్టె, ఎప్పుడు

భారతీయ పుట్ట తేనెటీగ, అనగా ఏపిస్ సెరానా, ఈ ప్రాంతానికి సహజమైనది. ఇది సుమారు ఒక కిలోమీటరు పరిధిలో తిరుగుతుంది. హెక్టారుకు అయిదు పెట్టెల చొప్పున, 5–10 శాతం పూలు విచ్చుకొన్న తరువాత తోటలోకి తేవాలి. పూతకు ముందే తెస్తే ఈగలు పొరుగు పంటల పూలకు అలవాటుపడి, నిమ్మ పూసినా అటే వెళతాయి. పెట్టెలను చెట్ల నీడన, ద్వారం తూర్పుకు ఉండేటట్లు, చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెల్లో కాళ్లు నిలిపిన బల్లలపై ఉంచాలి. మైనపు పురుగు, కందిరీగలు, పసిరిక పిట్టలు దీనికి శత్రువులు. 1990ల ఆరంభంలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణభారతంలో ఈ జాతి పెట్టెలను పెద్దఎత్తున నాశనం చేసింది. మూతవేయని అరల్లో పిల్లపురుగులు నీళ్లసంచుల వలె ఉబ్బి చనిపోవడం దాని లక్షణం. అటువంటి పెట్టెను వేరొక తోటకు తరలించరాదు.

1960లలో పంజాబు ప్రాంతంలో నిలదొక్కుకొన్న ఇటలీ తేనెటీగ ఎక్కువ తేనెనిస్తుంది గాని దానికి విస్తారమైన పూల మేత, తరలింపు, నిర్వహణ అవసరం. నాలుగెకరాల నిమ్మరైతుకు దానిని పోషించడం కష్టం. వలస పెంపకందారులతో ఒప్పందం చేసుకోవడం నయం. తీరపు మామిడి, జీడిమామిడి తోటలకు మూడు నాలుగు మిల్లీమీటర్ల కుట్టని తేనెటీగ మరింత అనువైనది. ఇది పాతగోడల సందులలో, చెట్టుతొర్రలలో ఉంటుంది. మట్టికుండలో, కొబ్బరిచిప్పలో, చిన్న కొయ్యపెట్టెలో పెంచవచ్చు. కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లదు కనుక ఏ తోటలో పెడితే ఆ తోటకే పనిచేస్తుంది.

పెట్టె తెచ్చిన రైతు పూతలేని మాసాల మేత గురించి కూడా ఆలోచించాలి. కొబ్బరి, తాటి పూలు పుప్పొడినిస్తాయి. కానుగ, నేరేడు, వేప, చింత వేసవిలో పూస్తాయి. పలువురు నిందించే సర్కారు తుమ్మ సైతం తేనెటీగలకు మంచి మేత. కండలేరు ముఖద్వారపు మడచెట్లు మామిడి పూత ముగిసిన తరువాతి మాసాల్లో పూసి తీరప్రాంత తేనెటీగలను నిలుపుతాయి. రొయ్యల చెరువు కోసం మడను నరికిన చోట ఆ లోటు పైన ఉన్న తోటకు కూడా తగులుతుంది. సరుగుడు గాలికి పరాగసంపర్కం జరుపుకొనే చెట్టు, దానిలో మకరందం లేదు. కాని మధ్యాహ్నం తరువాత వీచే సముద్రపు గాలిని అడ్డుకొంటుంది. గాలివేగం గంటకు 25–30 కిలోమీటర్లు దాటితే తేనెటీగల రాకపోకలు బాగా తగ్గుతాయి. కనుక సరుగుడును తోపుగా కాక, తోటకు తూర్పున రెండు వరుసల గాలికట్టుగా పెంచి, దాని లోపలి అంచున కానుగ, నేరేడు నాటడం రెండు అవసరాలనూ తీరుస్తుంది.

మందుల పిచికారీ

పైన చెప్పిన ఏర్పాట్లన్నీ ఒక్క పిచికారీతో వ్యర్థమవుతాయి. ఇమిడాక్లోప్రిడ్ నానోగ్రాముల పరిమాణంలోనే ఒక తేనెటీగను చంపగలదు. ఐరోపా సమాజం 2018లో ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, క్లోథియానిడిన్ మందులను ఆరుబయటి పంటలపై నిషేధించింది. మన తోటల్లో మామిడి తేనెమంచు పురుగుకు, నిమ్మ లేత చిగుళ్లపై పేనుబంకకు, ఎగిరే పేనుకు వీటినే వాడుతున్నారు. సమస్య పురుగు పూతతోనే వస్తుంది కనుక మందు మానమనడం ఆచరణసాధ్యం కాదు. కాలాన్ని మార్చడం సాధ్యం. మామిడిలో మొదటి పిచికారీ పూమొగ్గలు పొడుచుకు వచ్చేటప్పుడు, పూలు విచ్చుకోకముందే పూర్తిచేయాలి. రెండవది పిందెలు బఠాణీ గింజంత అయిన తరువాతనే. నిమ్మలో చిగురు, పూత కలిసి వస్తాయి కనుక మొగ్గ దశకు ముందే చిగురును కాపాడుకోవాలి. పూతలో తప్పనిసరియైతే వేపసంబంధ మందును సూర్యాస్తమయం తరువాత చల్లాలి. ఆ రాత్రి పెట్టెల ద్వారాలు మూసి, తడి గోనెసంచి కప్పి, మరునాడు ఎండ ముదరకముందే తెరవాలి. పొరుగు రైతు ఎప్పుడు చల్లుతాడో తెలియకపోతే ఈ జాగ్రత్తలు సగమే పనిచేస్తాయి.

లోటు ఉన్నదో లేదో తేల్చుకొనే పద్ధతి

పెట్టె కొనే ముందు తోటలో పరాగసంపర్కపు లోటు నిజంగా ఉన్నదా అని రైతే పరీక్షించవచ్చు. పదిచెట్లను ఎన్నుకొని, ఒక్కొక్క చెట్టుకు ఒకే దిక్కున, ఒకే ఎత్తున, దాదాపు సమానమైన మొగ్గలున్న మూడు కొమ్మలను గుర్తించాలి. మొదటి కొమ్మకు పూలు విచ్చుకోకముందే దోమతెర వంటి సన్నని నైలాన్ సంచి తొడగాలి. రెండవదానిని యథాతథంగా వదలాలి. మూడవదానిలో విచ్చుకొన్న పూల కీలాగ్రాలకు, వేరొక చెట్టు పుప్పొడిని ఉదయం మెత్తని కుంచెతో అంటించాలి. మూడింటికీ వేర్వేరు రంగుల దారం కట్టి మొగ్గల సంఖ్య పుస్తకంలో వ్రాయాలి. పూత రాలిన పదిహేను రోజులకొకసారి, నలభై అయిదు రోజులకొకసారి పిందెలను లెక్కించాలి.

ఫలితాన్ని చదవడం సులభం. ఉదాహరణకు సంచి కొమ్మలో నూరు మొగ్గలకు 4, తెరచిన కొమ్మలో 9, చేతితో అంటించిన కొమ్మలో 10 పిందెలు నిలిచాయనుకొందాం. అప్పుడు కీటకాలు పనిచేస్తున్నాయి, ఇంకా చేర్చినా ఒరిగేది దాదాపు లేదు. ఆ రైతు పెట్టె సొమ్మును నీటికి, జింకుకు వెచ్చించడం మేలు. అదే లెక్క 4, 5, 11గా వస్తే తోటలో కీటకాల కొరత ఉన్నది. పెట్టెల ఖర్చు తిరిగివస్తుంది. మూడు కొమ్మలూ సమానంగా తక్కువ కాస్తే లోపం పుప్పొడిలో లేదు. వేరులో, నేలలో, తెగులులో వెదకాలి. పదిహేను రోజుల లెక్క బాగుండి నలభై అయిదు రోజుల లెక్క పడిపోతే, పరాగసంపర్కం జరిగిన తరువాత నీరో పోషకమో చాలక పిందె రాలినదని గ్రహించాలి.

దీనితోపాటు పూత నడిమి వారంలో మూడు రోజులు, ఉదయం 8, 10, 12 గంటలకు, ఒక చెట్టు ముందు పది నిమిషాలు నిలిచి పూలపై వాలిన కీటకాలను రకాలవారీగా లెక్కించాలి. జాతుల పేర్లు అవసరం లేదు. పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగ, కుట్టని ఈగ, తుమ్మెద, మెరిసే ఈగ, చీమ అన్న ఆరు గడులు చాలు. నిమ్మ హస్త బహార్‌లో ఈ పట్టికకు ఏడవ గడి ఒకటి చేర్చి, ఆ రోజు వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు తెరపి ఇచ్చినదో గంటలతో సహా నమోదు చేయాలి. తెరపి ఇచ్చిన తరువాత మొదటి తేనెటీగ ఎంతసేపటికి పూవుపై వాలిందన్న అంకె, పెట్టెలను తోట అంచున ఉంచాలా, నడుమ ఉంచాలా అన్నది నిర్ణయించడానికి అన్నింటికన్నా ఎక్కువగా పనికివస్తుంది.